తారుమారు ఆదివారం

సుభద్రగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. "గుర్రం మనసు ఎలా తెలుస్తుంది మేడమ్?" అని అడిగిన కుర్రాడి చేతికి పార ఇచ్చి లద్దె ఎత్తమన్నారు. "ఓర్పు ఎలా అలవడుతుంది?" అన్న అమ్మాయికి మంగతాయారు జూలు దువ్వే పని అప్పగించారు. మంగతాయారు సుభద్రగారి దగ్గరున్న ఆడగుర్రం. ఒకప్పుడు బీచిలో యాత్రికులను మోసి మోసి, మనుషుల మాట వినడం ఏనాడో మానేసిన పెద్దమనిషి. సాయంత్రానికి ఆ అమ్మాయికి ఓర్పు అబ్బిందో లేదో గాని, ప్రశ్నలు అడగడం మాత్రం బాగా తగ్గింది.

భీమిలి దాటి భోగాపురం వైపు వెళ్ళే దారిలో, సముద్రానికి కాస్త ఎడంగా, ఒక జీడిమామిడి తోటలో ఉంది సుభద్రగారి కేంద్రం. కాళ్ళూ నడుమూ మాట వినని పిల్లలు, పక్షవాతంతో ఒక పక్క చచ్చుబడిన పెద్దలు అక్కడికి వచ్చి గుర్రం ఎక్కుతారు. గుర్రం నడుస్తుంటే ఎక్కినవారి నడుం కూడా నడిచినట్టే ఊగుతుందనీ, ఒళ్ళు మరిచిపోయిన నడకను అలా మెల్లమెల్లగా గుర్తుచేయవచ్చనీ ఆవిడ నమ్మకం. ముందు ఒకరు పగ్గం పట్టి గుర్రాన్ని నడిపిస్తారు. అటూ ఇటూ ఇద్దరు నడుస్తూ, ఎక్కినవారి చీలమండ పట్టుకుంటారు. అలా పక్కన నడిచేవారిని అక్కడ 'తోడు' అంటారు. ఫిజియోథెరపీ చదివి, ఈ విద్య నేర్చుకుందామని సుభద్రగారి దగ్గర చేరిన హిమజ తోడు నడవడంలో పేరు మోసింది. ఆమెది ఉడుంపట్టు. హిమజ పట్టుకున్న పిల్లవాడు గుర్రం మీంచి జారడమన్నది లేదని తల్లులంతా ఆమెను దీవించేవారు.

దీవించనివారు ఒక్కరే, జోగినాయుడు మాస్టారు. విజయనగరంలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ కూడబలుక్కుని మొండికేశాయి. మందులతోనూ కసరత్తులతోనూ కాలు కాస్త దారికొచ్చింది గాని, ఎడమ చేతిలో కర్ర లేకుండా అడుగు పడదు. మాట సంగతి మరీ చిత్రం. మంచినీళ్ళు కావాలంటే ఆ మాట ఎంత వెతికినా దొరకదు. కాని ఏళ్ళ తరబడి మైదానంలో అరిచిన ఆజ్ఞలు మాత్రం ఏ మూల దాక్కున్నాయో, అడక్కుండానే గొంతులోంచి ఫిరంగి గుళ్ళలా వస్తాయి. ఒకరోజు కాఫీ కావలసివచ్చి ఆయన "క్విక్ మార్చ్!" అని అరిస్తే, భార్య నూకరత్నంగారు నిజంగానే వీధి గుమ్మం దాకా నడిచి వచ్చారట. ఈ కథ ఆవిడే చెప్పి, ఆవిడే నవ్వుతారు.

అటువంటి మనిషిని హిమజ రెండు చేతులా చీలమండ పట్టుకుని గుర్రం మీద తిప్పేది. మంగతాయారు చెవి ఆడించినా పట్టు బిగించేది. మాస్టారు తన నడుం తానే నిలబెట్టుకోగలిగిన నాడు కూడా పట్టు సడలించలేదు. ఆయన కళ్ళెర్రజేస్తే, "అంతే మాస్టారూ, అంతే, భయం లేదు" అని చంటిపిల్లాణ్ణి సముదాయించినట్టు సముదాయించేది. పాపం, ఆమె మనసు మంచిదే. ఒక్కొక్కప్పుడు మంచి మనసును భరించడమే కష్టం.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక ఉదయం నూకరత్నంగారు హిమజను పక్కకు పిలిచారు. "ఏటనుకోకమ్మా. ఈ ఆదివారం దాటాక మాస్టారు మరి రారంట. ఒక్కసారైనా ఎవరి చెయ్యీ లేకుండా ఒక చుట్టు తిరగాలని ఆయన ఆశ. నిన్న గుండె మీద చెయ్యేసుకుని 'బస్తా' అన్నారు. తననో బస్తాలా మోస్తున్నారని కాబోలు. రాత్రి దాకా అదే మాట. బస్తా, బస్తా." చెబుతూ ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నాళ్ళకు ఆ కాలు భూమ్మీద ఆనుతోంది, ఇప్పుడు మానేస్తే మళ్ళీ మంచమే గతి.

హిమజకు అన్నం సయించలేదు. సుభద్రగారు గుర్రాలకు ఉలవలు నానబోస్తుంటే వెళ్ళి ఎదురుగా కూచుంది. "మేడమ్, ఎప్పుడు చెయ్యి వదలాలో తోడుకు ఎలా తెలుస్తుంది? ముందే వదిలితే ఆయన పడతారు. వదలకపోతే ఆయన రారు." సుభద్రగారు ఉలవల్లోంచి ఒక రాయి ఏరి పారేశారు. "ఆదివారం చెబుతాను" అన్నారు. పని చెప్పకుండా వాయిదా చెప్పడం ఆవిడ అలవాటు కాదు. హిమజకు అందుకే అనుమానం వచ్చింది.

అనుమానానికి కారణం లేకపోలేదు. వానలు వెనకబట్టాక వచ్చే తొలి ఆదివారం ఆ కేంద్రంలో తారుమారు ఆదివారం. ఆ రోజు ఎక్కేవారు తోడు నడుస్తారు, తోడు నడిచేవారు ఎక్కుతారు. చక్రాల కుర్చీల్లోని పిల్లలు వరసగా కూచుని, ఎక్కినవారు నడుం ఎలా నిలిపారో చూసి మార్కులు వేస్తారు. వాళ్ళ మార్కుల్లో దయా దాక్షిణ్యాలు ఉండవు. తల్లులు పులిహోర కలిపి, దోసకాయలు తరిగి, ఏడాది పొడవునా తమ పిల్లలకు చెప్పిన సుద్దులన్నీ ఆ రోజు ఎక్కినవారికి అప్పజెబుతారు. హిమజ చేరింది నిరుటి ఆదివారం అయిపోయాక. ఆమెకొక రహస్యం ఉంది. ఇంతమందిని ఎక్కించిందే గాని, తాను ఏనాడూ గుర్రం ఎక్కలేదు. ఎక్కమన్నప్పుడల్లా ఒకసారి నడుం నొప్పి, ఒకసారి కొత్త బట్టలు, ఒకసారి ఇంటినుంచి ఫోను. ఆమె భయమంతా కిందినుంచి చూసిన భయం. కిందినుంచి చూసేవారికి పైనున్నవాడు ఎప్పుడూ పడబోతున్నట్టే కనిపిస్తాడు.

ఆదివారం రానే వచ్చింది. ఆ రోజు ఎవరిని ఎక్కించాలో ఎంచుకునే హక్కు, మామూలు రోజుల్లో గుర్రమెక్కేవారిది. మాస్టారు తోట మధ్యకు వచ్చి, అందరినీ పరేడు చూసినట్టు ఒకసారి చూసి, కర్ర ఎత్తి హిమజ వైపు చూపించారు. పిల్లలు ఈలలు వేశారు. నడుం నొప్పి అందామనుకుంది గాని, అప్పటికే ఆమె నెత్తిన ఎవరో టోపీ పెట్టేశారు. మెట్ల అరుగు ఎక్కి, కళ్ళు మూసుకుని, మంగతాయారు వీపు మీద కూలబడి, జీను ముందు భాగాన్ని రెండు చేతులా కావలించుకుంది. పగ్గం పట్టిన పైడిరాజు వెనక్కి తిరిగి చూశాడు. "ఏటమ్మా, అంత బిగుసుకుపోనావు? ఇది గుర్రవేనా, నడిసే మంచం!" అన్నాడు.

అటువైపు తోడుగా సుభద్రగారు వచ్చి నిలుచున్నారు. ఇటువైపు మాస్టారు. ఆయన కర్రను భార్యకు అందించి, ఎడమ చేత్తో హిమజ చీలమండ పట్టుకున్నారు. "అయ్యయ్యో, మాస్టారూ! పెద్దవారు, మీరు నా కాలు పట్టుకోవడమేమిటి!" అని హిమజ కాలు లాక్కోబోయింది. "సైలెన్స్!" అని ఉరిమారు మాస్టారు. ఆ దెబ్బకు హిమజతో పాటు కొమ్మ మీది కాకులు కూడా నోరు మూశాయి.

మంగతాయారు కదిలింది. మొదటి చుట్టంతా హిమజ ప్రపంచంలో ఒకే ఒక వస్తువు ఉంది, తన కాలి మీది ఆ చెయ్యి. తోట లేదు, సముద్రం లేదు. "వదలకండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది, వదలకండి" అని జపం చేస్తూనే ఉంది. తాను రోజూ పిల్లలకు చెప్పే మాటలన్నీ బెంచీల మీంచి తనకే వచ్చి తగులుతున్నాయి. "నడుం నిలబెట్టమ్మా!" "ముందుకు చూడు తల్లీ, గుర్రాన్ని కాదు!" మార్కులు వేసే పిల్లలు తలలు దగ్గర పెట్టి చూసి, ఏకగ్రీవంగా సున్నా చుట్టారు. మాస్టారు మాత్రం ఎగతాళి చేయలేదు. "అటెన్షన్!" అన్నారు, ఈసారి మెత్తగా. హిమజ వెన్ను దానంతటదే నిటారైంది. ఆయన పట్టు గట్టిగా ఉంది, అందులో వణుకు లేదు. పట్టుకుంటే ఇలా ఉంటుందా అని ఆమెకు మొదటిసారి తెలిసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రెండో చుట్టులో తల్లుల బెంచీ దగ్గరికి వచ్చేసరికి మంగతాయారు బుద్ధి చూపించింది. ఒకావిడ దోసకాయ తరగబోతుంటే మెడ చాచి, చేతిలోంచి నిలువునా లాగేసుకుని తన దారిన తాను పోబోయింది. పైడిరాజు పగ్గం లాగాడు, లాభం లేదు. మాస్టారికి క్రమశిక్షణ గుర్తొచ్చింది. "హాల్ట్!" అని తోట దద్దరిల్లేలా అరిచారు. ఏళ్ళ తరబడి ఎవరి మాటా వినని మంగతాయారు ఠక్కున ఆగింది. నాలుగు కాళ్ళూ సమంగా పెట్టి, చెవులు నిక్కించి, నోట్లో సగం దోసకాయ వేలాడుతుండగా, స్కూలు అసెంబ్లీలో దొరికిపోయిన దొంగలా నిలబడింది. నమలడానికి కూడా జంకింది.

ముందు పైడిరాజు నవ్వాడు. తరవాత తల్లులు, పిల్లలు, సుభద్రగారు. హిమజకు నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పొట్టలోంచి తన్నుకొచ్చి, టోపీ జారిపోయి, జీను మీది చేతులు వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే "క్విక్ మార్చ్!" అని వినపడింది. మంగతాయారు కదిలింది. "లెఫ్ట్! రైట్! లెఫ్ట్!" అని మాస్టారి గొంతు మోగుతుంటే నడవగలిగిన పిల్లలు నడుస్తూ, నడవలేనివారు చక్రాల కుర్చీల్లో తల్లులు తోస్తుండగా, గుర్రం వెనక బారులు తీరారు. తోటంతా ఒక ఊరేగింపు అయిపోయింది. గుర్రం వీపు ఊగినట్టల్లా హిమజ నడుమూ ఊగుతోంది. జీడిమామిడి కొమ్మల మీదుగా ఆమెకు సముద్రం కనిపించింది. ఇన్ని నెలలుగా పిల్లలు పైనుంచి చూసి కేరింతలు కొట్టేది దీన్నే కాబోలు అనుకుంది.

చుట్టు పూర్తయి గుర్రం ఆగాక గాని ఆమె కిందికి చూడలేదు. అటూ ఇటూ ఏ కాలి మీదా చెయ్యి లేదు. మాస్టారు పక్కనే నిలబడి ఆయాసపడుతున్నారు. మీసాల కింద చెమట, ముఖమంతా వెలుగు. "మాస్టారూ! ఎప్పుడు వదిలేశారు?" అని అరిచినంత పని చేసింది.

ఆయన నోరు తెరిచారు. మాట దొరకలేదు. నూకరత్నంగారు అందించబోతే సుభద్రగారు చెయ్యి ఎత్తి వారించారు. అందరూ ఆగారు. మాస్టారు కళ్ళు మూసుకుని, ఎక్కడో అడుగున వెతికి వెతికి, ఒక్క మాట పైకి తీశారు. ఆజ్ఞ కాదు, మామూలు మాట. వేలు ఆమె వైపు చూపించి, "నవ్వింది" అన్నారు.

వెంటనే అదే వేలు మంగతాయారు వైపు తిప్పారు. హిమజ దిగింది, సుభద్రగారూ తానూ చెరో పక్కా చెయ్యి ఆసరా ఇచ్చి ఆయనను ఎక్కించారు. ఈసారి హిమజ ఒక్క చేత్తోనే పట్టుకుంది. ఎన్నడూ లేనిది, చీలమండను కాక ఆయన ముఖాన్ని చూస్తూ నడిచింది. సగం చుట్టు దాకా ఆ ముఖం పరేడు మైదానంలాగే బిగిసి ఉంది. తల్లుల బెంచీ దగ్గరికి రాగానే మంగతాయారు దోసకాయల వైపు ఒక్క చూపు చూసి, పైనున్న మనిషి గుర్తొచ్చి, తల తిప్పేసుకుంది. మాస్టారి మీసం అదిరింది. ఆపుకోబోయారు, ఆగలేదు. పక్షవాతం వంకర చేసిన ఆ మూతి ఇంకాస్త వంకర తిరిగి, పకపకా నవ్వారు. హిమజ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మిగతా చుట్టు ఆయనదే, అటు చెయ్యీ ఇటు చెయ్యీ లేకుండా, సొంతంగా, తల ఎత్తుకుని.

దిగాక మాస్టారు మంగతాయారుకు ఒక దోసకాయ లంచమిచ్చి, పులిహోర వైపు నడిచారు. పిల్లలు ఆయన వెంట లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ పోయారు. హిమజ సుభద్రగారి దగ్గరికి వచ్చింది. "ఆదివారం చెబుతానన్నారు కదా మేడమ్?" అంది.

సుభద్రగారు ఆమెను చూడలేదు. బెంచీ పక్కన చెట్టు మొదలుకు ఆనించి ఒక చేతికర్ర ఉంది. నూకరత్నంగారు దాన్ని అక్కడ పెట్టి, దాని సంగతే మరిచిపోయి, అంత దూరాన నడిచిపోతున్న భర్తనే చూస్తున్నారు. సుభద్రగారు ఆ కర్ర తీసి, దుమ్ము దులిపి, హిమజ చేతిలో పెట్టారు.

"ఇది ఎవరిదో కనుక్కుని ఇచ్చెయ్యి" అన్నారు. "తొందరేం లేదు."