నిండు ట్యాంకు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పే అలవాటు సింహాద్రి గురువుగారికి లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. తత్త్వం తెలుసుకుందామని వచ్చి, వాకిలి చిమ్మి వెళ్లిపోయినవాళ్లు ఆ తీరంలో చాలామందే ఉన్నారు.

శిష్యుడు ఎల్లాజీ మాత్రం ఆ రోజు తత్త్వం కోసం రాలేదు. తమ్ముడు కొర్లయ్యను పోగొట్టుకుని వచ్చాడు. వేసవిలో వేట నిషేధం ముగిశాక ఊరి తొలి పడవ వాళ్లదే వెళ్లాలి. అది ఆ ఇంటి మర్యాద. ఒడ్డున బాగానే స్టార్టయిన పడవ పాత ఇంజను, సరిగ్గా కెరటాలు విరిగే చోట ఆగిపోయింది. పడవ బోల్తా పడింది. మిగతావాళ్లు ఈదుకుంటూ బయటపడ్డారు. కొర్లయ్య శవమై తేలాడు.

"నానేం నియమం తప్పినాను గురువుగారూ? మాయయ్య సెప్పినట్టే సేసినాను. నిషేధం రోజుల్లో పడవ ఖాళీ కడుపుతో పడుకోకూడదని, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, పసుపు రాసి ఉంచినాను. మరి నా తమ్ముడే ఎందుకు పోవాల?"

గురువుగారు, "అప్పుడు పోయగా మిగిలిన పెట్రోలేమైనా ఉందేటి?" అని మాత్రం అడిగారు.

ఉంది. మూత సరిగ్గా బిగవని క్యానులో, రెండు నెలలుగా చూరు కింద పడి ఉంది. ఎల్లాజీ దాన్ని తెచ్చి, గురువుగారు చూపించిన గాజు సీసాలోకి అడుగుదాకా ఒంపాడు. ఈయనకు చాదస్తం ముదిరిందని లోలోపల విసుక్కున్నాడు కూడా. కాసేపటికి సీసాలోది తేరుకుని రెండుగా విడిపోయింది. పైన పెట్రోలు, అడుగున నీళ్లలాంటి వేరే పొర. ఇంజను పీల్చుకునేది అడుగు నుంచే.

"సముద్రం నీళ్లు..." అనబోయి ఎల్లాజీ ఆగిపోయాడు. ఆ క్యాను ఏనాడూ సముద్రం మొహం చూడలేదు.

"మీయయ్య కాలంలో ఇది వట్టి పెట్రోలు," అన్నారు గురువుగారు. "ఇప్పుడు దీన్లో స్పిరిటు కలుపుతున్నారు. అది గాలిలో తేమను తాగుతాది. తాగీ తాగీ పెట్రోలుని వదిలేసి అడుక్కి దిగిపోతాది. పాత ఇంజన్ల రబ్బరు గొట్టాల్ని కూడా తినేస్తాది."

ఎల్లాజీ ఇన్నాళ్లూ సముద్రాన్ని తిట్టుకుంటూ గుండె నిబ్బరం చేసుకున్నాడు. ఇప్పుడు తిట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. పోసింది తానే, పసుపు రాసి మరీ పోశాడు.

ఒడ్డు మీద సందడిగా ఉంది. కొర్లయ్య పెద్దకర్మ అయ్యేదాకా ఆగిన పడవలన్నీ తెల్లారితే వేటకు వెళతాయి. నిషేధం రోజుల్లో ట్యాంకు నింపి ఉంచే ఆచారం ఊరందరిదీ. అన్ని ట్యాంకులూ నిండుగానే ఉన్నాయి.

"తమ్ముణ్ణి నా సేతుల్తో నానే సంపుకున్నానని, మరదలికి ఏ మొకం పెట్టుకుని సెప్పను?" అని ఎల్లాజీ బావురుమన్నాడు.

గురువుగారు సీసాను అతని చేతికిచ్చి, ఒడ్డు వైపు చూశారు.

"ఇయ్యాల్టికి ఏడుస్తున్న ఇల్లు ఒక్కటే, ఎల్లాజీ."