గాలి చొరని బడి

ఈతకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ముంగిసలు, ఎలుగుబంట్లు ఉండేవి. వాటి పిల్లలన్నీ ఒకే గుహలో చదువుకునేవి. భల్లన్న అనే ఎలుగుబంటి పాఠాలు చెప్పేది.

ఆ గుహ వెనక గోడకు పెద్ద కంత ఉంది. పిల్లలు అందులోంచి పక్షులను చూస్తున్నాయని భల్లన్నకు కోపం వచ్చింది. రాళ్లు పేర్చి, మట్టి మెత్తి కంత మూసేసింది. చలికాలం రాగానే వాకిలికి ఆకుల తడిక కట్టి, లోపల కుంపటి పెట్టింది. తాను మాత్రం తడిక పక్కనే, సందుల్లోంచి గాలి తగిలే చోట కూర్చునేది.

పిల్లల అల్లరి తగ్గింది. తన క్రమశిక్షణ వల్లే అవి బుద్ధిగా కూర్చుంటున్నాయని భల్లన్న అందరికీ చెప్పుకుంది. నిజానికి వాటికి తల దిమ్మెక్కి, కళ్లు మూతలు పడుతున్నాయి.

గోరింట అనే జింక తన కూన దగ్గును గమనించింది. సెలవునాడు దగ్గు ఉండదు. బడికి వెళ్లగానే మొదలవుతుంది. ఒకరోజు తానే లోపల కూర్చుని చూసింది. కాసేపటికే కళ్లు మండాయి, ఊపిరాడలేదు.

"మాస్టారూ, ఆ కంత తెరిపించండి. పిల్లలకు గాలి అందడం లేదు" అంది.

"నా బడి ఎలా నడపాలో నువ్వు చెప్పనక్కర్లేదు. నీ పిల్లను పంపడం ఇష్టం లేకపోతే మానేయ్" అంది భల్లన్న.

గోరింట కూనను మాన్పించి, ఆరుబయట తానే అక్షరాలు దిద్దించసాగింది. పిల్లలను తన దగ్గరికే పంపమని మిగతా తల్లులనూ బతిమాలింది. మాస్టారుకు కోపం వస్తుందని ఒక్కరూ కదల్లేదు.

ముసురు పట్టింది. భల్లన్న తడిక బిగించి, కుంపట్లో తడి కట్టెలు వేసింది. పొగ బయటికి పోయే దారి లేదు. ఆ మధ్యాహ్నం ముందు వరుసలో, కుంపటి పక్కన కూర్చున్న భల్లన్న సొంత పిల్ల గుబురు తల వాల్చేసింది. నిద్రపోతోందనుకుని భల్లన్న పాఠం పూర్తి చేసింది. తర్వాత లేపితే గుబురు లేవలేదు.

భల్లన్న అరుపు విని తల్లులు పరుగెత్తుకొచ్చి, పిల్లలను బయటికి లాగాయి. కొన్ని తేరుకున్నాయి. ఒక ముంగిస పిల్ల బతికింది కానీ, నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుబురు మాత్రం ఊపిరి తీసుకోలేదు.

భల్లన్న గోళ్లు విరిగేలా ఆ రాళ్లను పీకింది. చల్లగాలి గుహంతా నిండింది. లోపల పీల్చుకోవడానికి ఒక్క పిల్ల కూడా లేదు.

మర్నాటి నుంచి పిల్లలన్నీ గోరింట దగ్గర, ఆరుబయట చదువుకున్నాయి. భల్లన్న మళ్లీ పాఠం చెప్పలేదు.

నీతి: పిల్లలకు చదువు కన్నా ముందు మంచి గాలి కావాలి. పెద్దరికం చూసుకుని హెచ్చరికను తోసిపుచ్చితే, ఆ తప్పుకు పసివాళ్లు బలైపోతారు.