వీధివైపు ఇల్లు

సిరిపల్లె కోటను ఏలే అనంగభూపాలుడికి ఒక జబ్బు ఉండేది. ఏదైనా బయటికి బాగుంటే చాలు, లోపల ఏముందో అడిగేవాడు కాదు. రాజులకు అంత తీరిక ఎక్కడిది లెండి!

ఒకనాడు నిండుసభలో ఆయనకు తన దాది సింగమ్మ గుర్తొచ్చింది. ఎత్తుకుని పెంచిన మనిషి. పాపం, ముసలిదైపోయి, తల్లీతండ్రీ లేని మనవరాలితో గుర్రపుసాల పక్క గదిలో రోజులు వెళ్లదీస్తోంది.

"దాదికి ఇల్లు కొనిపెడతాను. వీధిన పోయేవాడు ఆగి చూడాలి. అలాంటి ఇల్లు ఎవరి దగ్గరుంది?" అన్నాడు రాజు.

"నా దగ్గరుంది ప్రభూ! వారం గడువివ్వండి, చూపిస్తాను!" అంటూ లేచాడు పుండరీకం.

ఈ పుండరీకం ఆస్థానంలో అలంకారాధికారి. పట్టు కండువా, చెవులకు పోగులు, ఒళ్లంతా గంధం. స్నానం మాత్రం ఎప్పుడు చేసేవాడో ఎవరికీ తెలియదు. మేనమామ వదిలేసిపోయిన పాత ఇల్లొకటి ఆయనకుంది. ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది. గబ్బిలాలు కూడా మాకొద్దని వెళ్లిపోయిన కొంప! దాన్ని రాజుగారికే అంటగట్టే రోజొచ్చిందని ఆయనకు కాళ్లు నేలమీద నిలవలేదు.

వారం తిరక్కుండా మసిపూసి మారేడుకాయ చేశాడు. ముందు గోడకు తెల్లటి సున్నం కొట్టించాడు. అరుగులు ఎర్రమట్టితో అలికించి ముగ్గులు పెట్టించాడు. గడపకు పసుపు, గుమ్మానికి మామిడి తోరణం, వరసగా బంతిపూల కుండీలు! గోడ ఉబ్బిపోయిన చోట ఏకంగా గెలతో ఉన్న అరటిచెట్టు తెచ్చి నిలబెట్టాడు. అన్నీ వీధివైపే. లోపల చీపురు కూడా పెట్టించలేదు మహానుభావుడు.

రాజు పల్లకీలో వచ్చాడు. పల్లకీలోంచే చూశాడు.

"ఆహా! ఇల్లంటే ఇదీ!" అన్నాడు.

వెంట వచ్చినవాళ్లంతా "ఆహా" అన్నారు. జీతమిచ్చేది అందుకే కదా.

సింగమ్మ ఒక్కతే తలుపు తోసి లోపలికి తొంగిచూసింది. చూసినావిడ చూసినట్టే వెనక్కి తిరిగి, రాజుగారి విదూషకుడు వెంగన్న దగ్గరికి వెళ్లింది.

"నాయనా, నడివింటి దూలమంతా చెదలే! తలుపు తోస్తేనే నెత్తిమీద మట్టి రాలింది. పిల్లని పక్కలో వేసుకుని దాని కిందేగా నేను పడుకోవాలి! బాబుగారికి నువ్వయినా చెప్పు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

వెంగన్నకు ఒళ్లు మండిపోయింది. "నేను చెబితే వింటాడా అవ్వా? నిండు వీధిలో ఆహా అనేశాడు. రాజు ఆహా అన్నాక ఆ ఇల్లు బాగుండి తీరాల్సిందే. నువ్వు ఊరుకో. ఆ పుండరీకం నోటితోనే చెప్పిస్తాను" అన్నాడు.

అనడమే కాదు, నేరుగా సభకు వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహారాజా, గృహప్రవేశం తమ ఎదుట జరిగాక సొమ్ము ఇప్పిస్తే శుభం. పాలు పొంగించే భాగ్యం మాత్రం పుండరీకం గారికే దక్కాలి. అంత అందం తెచ్చిన చేతులు కదా!"

పుండరీకం పొంగిపోయాడు. పొగిడితే చాలు, ఎందుకు పొగిడారో ఆలోచించే రకం కాదు ఆయన.

మర్నాడే ముహూర్తం. ఊరంతా చేరింది. ఆనవాయితీ ప్రకారం ముందుగా ఆవును లోపలికి తోలబోయారు. అది గడప దాకా వచ్చి అరటిచెట్టును చూసి ఆగిపోయింది. తీరిగ్గా ఆకులన్నీ నమిలేసింది. వెనకాల గోడ పొట్ట బయటపడింది. రాజు మొహం చిట్లించాడు.

"పాత గోడకు ఆ మాత్రం ఒంపు ఉంటేనే అందం ప్రభూ!" అన్నాడు పుండరీకం సిగ్గులేకుండా.

మేత అయ్యాక ఎంత అదిలించినా ఆవు గడప దాటలేదు.

"పశువుకి ఇంటి అందం ఏం తెలుస్తుంది!" అని విసుక్కున్నాడు పుండరీకం.

"నిజమే, తమరికి తెలుసుగా! దయచెయ్యండి" అంటూ వెంగన్న పాలగిన్నె చేతిలో పెట్టాడు. పొయ్యి నడివింట్లో, సరిగ్గా దూలం కింద పెట్టించి ఉంది.

పుండరీకం దూలం వంక చూశాడు. పిల్లిలా ఒక కాలు లోపల పెట్టాడు.

"మేళం!" అని కేకేశాడు వెంగన్న. "డోళ్లవాళ్లంతా గుమ్మం దగ్గరికి రండి! ఇల్లు అదిరిపోవాలి!"

"అదరడమెందుకు? మెల్లగా చాలు! అసలు మేళమే వద్దు!" అన్నాడు పుండరీకం, చెమటలు కక్కుతూ.

"గట్టిమేళం లేని గృహప్రవేశమా? వాయించండి!" అన్నాడు రాజు.

డోలు మీద ఒక్క దెబ్బ పడింది. పాలగిన్నెలో పిడికెడు మట్టి రాలింది. పుండరీకం గిన్నె విసిరేసి, ఒక్క దూకులో వీధిలో పడ్డాడు.

"ఆపండ్రా! దూలమంతా చెదలు తినేసింది! ఊడి నెత్తిన పడుతుంది!"

వీధి వీధంతా నోరు తెరిచింది.

"తెలిసే అమ్మజూశావన్నమాట! మా దాది నెత్తిన పడితే ఫరవాలేదా?" అని గర్జించాడు రాజు.

పుండరీకం కండువా దులుపుకున్నాడు. "లోపలి సంగతి ఎలా ఉన్నా ప్రభూ... బయటినుంచి చూస్తే బాగానే ఉంది కదండీ!"

వెంగన్న చేతులు జోడించాడు.

"అందుకేగా తమరు బయటికి దూకారు!"

జనం గొల్లుమన్నారు. రాజు కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. చేతి కంకణం తీసి వెంగన్నకు తొడిగాడు.

"పుండరీకం! నువ్వుంటున్న ఇంటి తాళం దాదికి ఇచ్చెయ్. నీ అందమైన ఇంట్లో నువ్వే కాపురం పెట్టు" అన్నాడు.

పుండరీకం మొలలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. సింగమ్మ దాన్ని కొంగున ముడేసుకుంటూ, వెంగన్న చెవిలో అనుకుని అందరికీ వినబడేలా అడిగింది:

"ఆ ఇంటిక్కూడా ఈయనేనా నాయనా, సున్నం కొట్టించింది?"