కేశవభట్టు అభిమాన గ్రంథం

రేగడిదుర్గం రాజు చిక్కభూపాలుడికి ఉన్నట్టుండి చిలకల పిచ్చి పట్టుకుంది. రెండు నెలల్లో నాలుగు వందల చిలకలు పోగయ్యాయి. పంజరాలకు కోటలో చోటు చాలలేదు. రాజుగారి చూపు పుస్తకాల గది మీద పడింది.

"ఇంతమంది పాతకవులు మనకెందుకు? గొప్పవాణ్ణి ఒక్కణ్ణి ఉంచుకుని, మిగతా తాటాకులన్నీ నీళ్ళ పొయ్యిలోకి పంపండి" అన్నాడు.

సభలో ఎవరూ నోరెత్తలేదు. పాతకవులు ఎలాగూ పోయారు. రాజుగారు బతికే ఉన్నారు.

"భట్టుగారూ, మీకు బాగా ఇష్టమైన కవి ఎవరు?" అని రాజు అడిగాడు.

ఆస్థాన పండితుడు కేశవభట్టు శాలువా సర్దుకున్నాడు. "నిష్పక్షపాతంగా చెప్పాలంటే, మా తాతగారే ప్రభూ! వారి పదహారు ఆశ్వాసాల ప్రబంధం పన్నెండేళ్ళ కిందట నకలు రాయించి తమ పుస్తకాల గదిలోనే పెట్టాను. రోజూ పొద్దున్నే వెళ్ళి చదువుకుంటాను. చదివినప్పుడల్లా కళ్ళు చెమరుస్తాయి."

"మాకూ అదే ఇష్టం" అన్నాడు రాజు. ఆయన చూసింది దాని పట్టుగుడ్డను మాత్రమే.

ఈ మాట ఓబుళమ్మ చెవిన పడింది. గంటంతో తాటాకు మీద గీసిన అక్షరం మసి పూస్తేగాని కంటికి ఆనదు. కోటలో ఆ మసి పూసే పని ఆమెది. పూస్తూ పూస్తూ చదువు నేర్చుకుంది. పెళ్ళాంతో పోట్లాటల్ని పద్యాలుగా కట్టిన పాపకవి అన్నా, అత్తగారి మీద శతకం చెప్పిన గురవమ్మ అన్నా ఆమెకు ప్రాణం. వాళ్ళిప్పుడు పొయ్యిపాలవుతారట.

మసిగుడ్డ చేత్తో పట్టుకునే సభలోకి వచ్చి దండం పెట్టింది.

"మహాప్రభూ, ఉంచబోయేది ఒక్క గ్రంథమే కదా. అందులో ఒక్క ఆకైనా భట్టుగారి నోట వినే భాగ్యం మాకు కలిగించండి."

రాజు తలూపాడు. పట్టుమూట వచ్చింది.

"ఏ ఆకు చదువుతారు సామీ?" అని ఓబుళమ్మ భట్టును అడిగింది.

"ఏడో ఆకు!" భట్టు మూట విప్పకుండానే కళ్ళు మూసుకున్నాడు. "నాయిక కన్నుల వర్ణన. ఆహా! చూసే పనిలేదు, నాకు కంఠస్థం." అప్పటికప్పుడు అల్లిన పద్యమొకటి రాగం తీసి పాడాడు. చివర్లో కన్నీళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఓబుళమ్మ ఏడో ఆకు తీసి రాజు ముందు పట్టుకుంది. ఆకు బోసిగా ఉంది.

"ఇందులో ఏమీ లేదే!" అన్నాడు రాజు.

"ఉంది ప్రభూ. పన్నెండేళ్ళుగా దీనికి మసి పూయమని అడిగినవాళ్ళు లేరు. భట్టుగారు రోజూ ఎలా చదువుతున్నారో ఆయనకే తెలియాలి."

భట్టు శాలువా విదిలించాడు. "మసిగుడ్డ దానివి, నీకేం తెలుసే!"

ఓబుళమ్మ ఆకు మీద మసి పూసి, పొడిగుడ్డతో తుడిచింది. అక్షరాలు నల్లగా తేలాయి. రాజు పైకి చదివాడు.

"గోంగూర తడి లేకుండా ఆరబెట్టవలెను. వేయించునప్పుడు నూనెకు వెనుదీయరాదు."

రాజు కళ్ళెగరేశాడు. "నాయిక కన్నులు ఏవి భట్టుగారూ?"

"నకలు రాసినవాడికి మూడో ఆకు దగ్గరే విసుగు పుట్టింది ప్రభూ" అంది ఓబుళమ్మ. "చదివేవాళ్ళు లేరని వాడికి తెలుసు. అక్కణ్ణుంచి వాళ్ళావిడ పచ్చళ్ళన్నీ రాసిపెట్టాడు. నేను వేళ్ళతో తడిమి చదువుకున్నాను."

రాజుకు నవ్వాగలేదు. తనూ ఆ గ్రంథం ఇష్టమన్న సంగతి గుర్తొచ్చి మరీ గట్టిగా నవ్వాడు. "పొయ్యి ఆర్పండి! కవులంతా ఉన్నచోటే ఉంటారు. చిలకల్ని భట్టుగారింటికి తోలండి. ఓబుళమ్మా, ఇకనుంచి పుస్తకాల గది పెత్తనం నీది. ఇంకేం కావాలో కోరుకో."

ఓబుళమ్మ వినయంగా చేతులు కట్టుకుంది.

"ఆ పచ్చళ్ళ ఆకులు ఇప్పించండి ప్రభూ. మొత్తం గ్రంథంలో రుచి ఉన్నవి అవే."

సభంతా గొల్లుమంది. రాజు నవ్వుతూనే మెడలోని ముత్యాలదండ తీసి, ఆకులతో సహా ఆమె చేతిలో పెట్టాడు.