అవతలి రేవు గోడ

త్రిమూర్తులుకి పదిహేను రోజులుగా ఒకటే చికాకు. ఫోన్లు వస్తున్నాయి గానీ మనుషులు రావడం లేదు.

ఫోన్లు వస్తున్నది సువార్తమ్మకి. నరసాపురం రేవుకి దగ్గర్లో ఆవిడకి కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. భర్త చేసే పనే, ఆయన పోయాక తను నేర్చుకుని నడుపుతోంది. బేరాలు తగ్గిపోయి, ఎవరో చెబితే త్రిమూర్తులు దగ్గరికి వచ్చింది. ఎవరైనా ఫోన్లో కుట్టుమిషన్ రిపేరు కోసం వెతికితే ముందు ఆవిడ కొట్టు పేరు కనిపించేలా చేయడం అతని పని. ఊళ్ళో పది పన్నెండు దుకాణాలకి అదే చేస్తున్నాడు.

ఫోన్లో పటం తెరిచి, కొట్టు ఉన్నచోట వేలు పెట్టి, చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల గుండ్రం గీశాడు. ఆ గుండ్రంలో ఉండి వెతికినవాళ్ళకే ప్రకటన కనిపిస్తుంది. 'మీ దగ్గర్లోనే కుట్టుమిషన్ రిపేరు' అని ఒక ముక్క రాశాడు. ఐదు నిమిషాల పని. రాశాక టీ తాగడానికి వెళ్ళాడు కూడా.

తీరా చూస్తే ఫోన్ చేసేవాళ్ళలో ముప్పాతిక మంది గోదావరి అవతలి వాళ్ళు. సఖినేటిపల్లి, ఆ చుట్టుపక్కల ఊళ్ళు. "కొట్టు ఎక్కడండీ?" అని అడుగుతారు. నరసాపురం అనగానే "అయ్యో, ఇటు కాదాండీ" అని పెట్టేస్తారు. వాళ్ళు ప్రకటన నొక్కిన ప్రతిసారీ ఖర్చు సువార్తమ్మది. నెలాఖరుకి ఏమీ తేలకపోతే కొట్టు తీసేసి భీమవరంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని ఆవిడ చెప్పింది. కోపంగా చెప్పినా బాగుండేది. నెమ్మదిగా, అతన్నే ఓదారుస్తున్నట్టు చెప్పింది.

ఒకరోజు పొద్దున పటం ముందేసుకుని కూర్చుంటే అతనికి కారణం తట్టింది. గుండ్రం నదిని దాటిపోతోంది. అంత గోదావరీ పటంలో ఒక నీలం చార. వెంటనే అవతలి ఒడ్డు మొత్తాన్ని గుండ్రంలోంచి తీసిపారేశాడు. ఇంత తెలివి తనకుందని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి అతనికున్నది ఒక్కరే, వలీ గారు.

వలీ గారు గోడల మీద ప్రకటనలు రాసేవారు. సబ్బులు, ఎరువులు, సినిమాలు, పళ్ళ డాక్టర్లు. జిల్లాలో ఆయన కుంచె తగలని రోడ్డు ఉండేది కాదు. త్రిమూర్తులు పద్నాలుగేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. సైకిలుకి నిచ్చెన కట్టుకుని, హ్యాండిల్‌కి రంగు డబ్బాలు తగిలించుకుని, తెల్లారేసరికి ఏదో ఒక ఊరి పొలిమేరలో ఉండేవారు ఇద్దరూ. తడి సున్నం వాసన, గీత పడేందుకు సుద్దలో ముంచిన దారం గోడ మీద టప్పుమని కొట్టిన చప్పుడు, మధ్యాహ్నం కాలవ గట్టు మీద పంచుకున్న పెరుగన్నం. ఫ్లెక్సీలు వచ్చాక అదంతా పోయింది.

గురువుగారికి రెండు అలవాట్లు ఉండేవి. కొత్త గోడ ఒప్పుకోగానే రంగు కలిపేవారు కాదు. గోడకి వీపు ఆనించి కూర్చుని, ఒక గంట దారిని చూసేవారు. ఇక రాయడం అయ్యాక, శిష్యుణ్ణి రోడ్డు దాటించి, "అవతల నిలబడి చదవరా" అనేవారు. ఎందుకని అడిగితే చెప్పింది లేదు.

ఆయన ఇప్పుడు వరండాలో మడతకుర్చీలో కూర్చుని ఉన్నారు. డెబ్భై ఆరేళ్ళు. ఫోన్ దూరంగా పట్టుకుని పటం చూశారు.

"ఇప్పుడు అవతలివాళ్ళకి ఇది కనపడదా?"

"కనపడదండి గురువుగారూ. మొత్తం తీసేశాను."

"మరి వాళ్ళ మిషన్లు పాడైతే?"

"అది మనకెందుకండీ. వాళ్ళెలాగూ రారు కదా."

వలీ గారు ఫోన్ తిరిగి ఇచ్చేసి చెప్పుల కోసం చూశారు.

"మా చెల్లెలు జైబున్ మిషను మూలపడి ఆర్నెల్లయింది. అవతలే ఉంటోంది. పద, తెద్దాం."

ఇద్దరూ పంటు ఎక్కారు. మనుషుల్నీ మోటారుసైకిళ్ళనీ కలిపి దాటించే ఆ బల్లకట్టు మీద వలీ గారు పాత చోటే, రెయిలింగు పక్కన నిలబడ్డారు. ఒకప్పుడు నిచ్చెన అక్కడే ఆనించేవారు. త్రిమూర్తులు చెయ్యి తెలియకుండానే ఆ ఇనుపకడ్డీ మీదికి పోయింది.

జైబున్ గారు స్టాండు ఉంచేసి, పైన మిషను మాత్రం విప్పించి, పాత దుప్పట్లో మూటగట్టి ఇచ్చారు. మూట త్రిమూర్తులు భుజానికెక్కింది. ఆటో ఎక్కుదామన్నాడు. గురువుగారు వినిపించుకోలేదు. రేవుకి వచ్చేసరికి చొక్కా తడిసిపోయింది, పంటు అప్పుడే వెళ్ళిపోయింది.

రేవు పక్కన పాత ధాన్యం గోదాము ఉంది. దాని గోడ నీడలో ఆగారు.

"దించు. వీపు ఆనించి కూర్చో," అన్నారు వలీ గారు.

ఎన్నేళ్ళయిందో ఆ మాట విని. త్రిమూర్తులు కూర్చున్నాడు. ఎదురుగా గోదావరి. ఆవల ఎక్కడో చెట్ల మసక. సువార్తమ్మ కొట్టు సరికదా, రేవులో మనుషులు కూడా ఆనడం లేదు. చేపల గంపలతో ఇద్దరు, పుస్తకాల సంచులతో కాలేజీ పిల్లలు, వాళ్ళలో చెల్లెల్ని సాగనంపడానికి చంటిబిడ్డతో ఒకామె వచ్చి నిలబడ్డారు. అందరి చూపూ వచ్చే పంటు మీదే.

చంటిబిడ్డ తల్లి మూట వైపు చూసింది.

"మిషనేనాండీ? రిపేరుకా?"

"ఆ, అవునమ్మా."

"నాదీ పాడైందండి. మొన్న ఫోన్లో చూసి చేశాను. దగ్గర్లోనే అని ఉంది. తీరా నరసాపురం అన్నారు, పెట్టేశాను."

"అంత దూరమేం కాదు కదమ్మా," అన్నాడు త్రిమూర్తులు.

"దూరానికి కాదండి. బిడ్డనెత్తుకుని అంత బరువు మోసుకెళ్ళాక ఎల్లుండి రమ్మంటే? మళ్ళీ దాటాలి, మళ్ళీ మొయ్యాలి. అసలు కొట్టు తీసుంటుందో లేదో. జాకెట్లు కుట్టుకుంటేనే మాకు నాలుగు మెతుకులండి. ఏం చేస్తాం, చేత్తోనే కుడుతున్నాను."

ఆమె చూపుడువేలి చివర నిండా సూది పోట్లు. త్రిమూర్తులు ఆ వేలినే చూశాడు. పొద్దున తను తీసిపారేసింది ఈమెనే.

వలీ గారు వెనక్కి తిరిగి గోడని అరచేత్తో తుడిచారు. త్రిమూర్తులు లేచి చూశాడు. సున్నం పెచ్చులు ఊడినచోట వెలిసిపోయిన నీలం అక్షరాలు. తన చేతి అక్షరాలే. అప్పట్లో నరసాపురంలో ఉన్న రేడియో రిపేరు కొట్టుకి రాసినవి.

'పంటు దిగి ఎడమ చేతికి నాలుగో కొట్టు. పొద్దున ఇస్తే సాయంత్రం పంటుకి మీ చేతికి.'

అదే కొట్టుకి నరసాపురంలో రాసిన గోడ మీద పేరూ బొమ్మా తప్ప ఇంకేమీ లేదు. ఇక్కడింత ఎందుకండీ, చెయ్యి నొప్పెడుతోంది అని ఆనాడు గొణిగాడు. గురువుగారు చేతికి తడిగుడ్డ ఇచ్చి, కారిన రంగు తుడవమన్నారు. తుడిచాక నిచ్చెన దింపుకుని, నవ్వుకుంటూ పంటెక్కారు ఇద్దరూ.

త్రిమూర్తులు ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. కళ్ళు చెమర్చాయి. గురువుగారు నది వైపు చూస్తున్నారు.

పంటు వచ్చింది. నరసాపురంలో దిగి, మూట తీసుకెళ్ళి సువార్తమ్మ ముందు పెట్టాడు. ఆవిడ అడుగుపలక విప్పి చూసింది.

"షటిల్లో దారం పోగులు ఇరుక్కుపోయాయండి. మధ్యాహ్నానికి అయిపోద్ది."

"అమ్మా, అవతలి నుంచి ఎవరు పొద్దున తెచ్చినా సాయంత్రానికి ఇచ్చేయగలరా?"

"మరీ పెద్ద రిపేరైతే తప్ప ఇచ్చేస్తానండి. అవతలి నుంచి ఎవరొస్తారు గానీ."

"పొద్దుటి పంటు నుంచి సాయంత్రం పంటు దాకా కొట్టు ముయ్యకూడదు మరి."

"ముయ్యనండి. అన్నం ఇక్కడికే తెచ్చుకుంటాను," అంది సువార్తమ్మ. చెప్పి, పని ఆపి అతని మొహంలోకి చూసింది.

త్రిమూర్తులు బల్ల మీద కూర్చుని ఫోన్ తీశాడు. తీసేసిన ఒడ్డుని మళ్ళీ చేర్చాడు. ఇవతలి వాళ్ళకి పాత ముక్కే ఉంచాడు. అవతలి వాళ్ళకి వేరేగా రాశాడు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు. ఈసారి ఐదు నిమిషాల్లో అవలేదు. అయ్యాక గురువుగారికి చూపించబోయాడు.

వలీ గారు తల కూడా తిప్పలేదు.

"అవతల నిలబడి చదవరా."

సాయంత్రం బాగైన మిషను భుజాన వేసుకుని త్రిమూర్తులు ఒక్కడే పంటెక్కాడు. గోదాము గోడ దగ్గర పొద్దుటి చంటిబిడ్డ తల్లి, ఒడ్డున దిగేవాళ్ళలో కాలేజీ నుంచి వచ్చే చెల్లెల్ని వెతుకుతోంది. అతన్నీ మూటనీ చూసి ఆశ్చర్యపోయింది.

"అప్పుడే అయిపోయిందాండీ?"

"మీ ఫోన్లో ఒకసారి వెతకండమ్మా, మొన్న వెతికినట్టే."

ఆమె వెతికింది. బిడ్డని చంకలో సర్దుకుని, పైకే చదివింది.

"పంటు దిగి రెండు నిమిషాలు. స్టాండు వద్దు, పైన మిషను చాలు. పొద్దున ఇస్తే సాయంత్రం పంటుకి మీ చేతికి."

చదివి ఆవలి ఒడ్డు వైపు చూసింది.

"రేపు మొదటి పంటుకి తెస్తానండి. ఆవిడ ఉంటారా?"

"ఉంటారమ్మా."

త్రిమూర్తులు మూట దించి, గోడకి వీపు ఆనించి గురువుగారికి ఫోన్ చేశాడు.

"చదివానండి."

"అక్కణ్ణించి కొట్టు కనిపిస్తోందా?"

ఎదురుగా గోదావరి. ఆవల చెట్ల మసక, పొద్దుటికంటే చిక్కగా.

"కనిపిస్తోందండి," అన్నాడు త్రిమూర్తులు.