వలలో వాటా

ఎవరు ఏ ప్రశ్న వేసినా భైరవయ్యగారు చేతిలో పని ఆపేవారు కాదు. ఆ రోజు ఆశ్రమం వసారాలో కూర్చుని మోదుగాకుల విస్తళ్లు కుడుతున్నారు. ఆయన శిష్యుడు సదానందం వాతావరణ మార్పు మీద ఊరూరా యువజన సభలు పెడుతుంటాడు. ఒళ్లు మండిపోతూ వచ్చాడు.

"గురువుగారూ, ఎండలు ముదురుతున్నాయి, సముద్రం మీదికొస్తోంది. రేపు బతకాల్సింది ఈ కుర్రకారే కదా! మొన్న ఆరువందల మంది పిల్లల్ని పోగేశాం. టోపీలిచ్చాం, ప్రతిజ్ఞ చేయించాం. వేదిక మీద ఏడు కుర్చీలు వేస్తే ఏడుగురు పెద్దలూ గొంతు పోయేలా చెప్పారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అందరూ ఫోన్లలోనే! వీళ్లను కదిలించడం ఎలా?"

అక్కడున్న మేమంతా తలలూపాం. పిల్లల్ని తిట్టుకోవడంలో మా వయసువాళ్లకో సుఖం ఉంది, దాచడమెందుకు? భైరవయ్యగారు మాత్రం ఈనెపుల్ల విరుస్తూ కోనపేట సంగతి ఎత్తుకున్నారు.

కోనపేట సముద్రపు ఒడ్డున ఉన్న చేపలవాళ్ల పల్లె. అక్కడొక కట్టుబాటుంది. ఊళ్లో నలుగురూ కలిసి కొన్న పెద్దవలలో వాటా ఉన్నవాళ్లకే ఊరి సభలో మాట. వాటా లేనివాళ్లు వెనక నిలబడి వినాలి. ఆ ఊళ్లో నూకరత్నం అని ఇంటర్ చదివే పిల్ల, తల్లీ తండ్రీ లేరు, నాయనమ్మే పెంచింది. ప్రతి అమావాస్య పోటుకీ నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, పాత గుర్తు దాటితే అక్కడొక కొత్త వెదురుకర్ర పాతేది. ఏడాదిలో సముద్రం మూడు కర్రల్ని మింగేసింది. నాలుగోది వాళ్ల పెరట్లోనే పాతాల్సి వచ్చింది.

అదే ఏడు ఒడ్డునున్న ఇసుకదిబ్బను చదును చేసి, మొగలిపొదలు కొట్టించి, రొయ్యల చెరువులు తవ్వాలని పెద్దలు తీర్మానించారు. నూకరత్నం సభలోకొచ్చి, "దిబ్బ తీసేస్తే సముద్రానికి అడ్డేటుంది తాతా? మా ఇళ్లే ముందు పోతాయి" అంది.

కులపెద్ద శింగన్న నవ్వాడు. "నీకు వల్లో వాటా ఉందేటమ్మా?"

సభంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుని వెనక్కి వెళ్లిపోయింది. విచిత్రమేమంటే, నెల తిరక్కుండానే అదే శింగన్న పర్యావరణ దినం రోజున ఆ పిల్ల నెత్తిన టోపీ పెట్టి, చేతికి 'భూమిని కాపాడుదాం' అన్న అట్ట ఇచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగాడు. దిబ్బ అప్పటికి సగం పోయింది.

కార్తీకంలో తుఫాను వచ్చింది. దిబ్బ ఉన్నచోటు నుంచే సముద్రం ఊళ్లోకి దూరింది. నాయనమ్మను మంచంతో సహా బడి మేడ మీదికి చేర్చి నూకరత్నం తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు. ఇంటి గడప కూడా లేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి శింగన్న కేకలు వేస్తున్నాడు.

"కుర్రాళ్లంతా రండర్రా! ఇసుక బస్తాలు మొయ్యండి! ఊరు మీది కాదేటి?"

కుర్రకారంతా వచ్చింది. ఒక్కరూ ఇంట్లో కూర్చోలేదు, ఎవరి చేతిలోనూ ఫోను లేదు. నూకరత్నం కూడా బస్తా నెత్తికెత్తుకుంది. శింగన్న ముందుకొచ్చి ఆగింది.

"తాతా, ఇప్పుడొచ్చిందా మాకు వాటా?"

అంతవరకు చెప్పి భైరవయ్యగారు విస్తరి తిప్పి రెండో వైపు కుట్టడం మొదలుపెట్టారు. మా ఇంట్లోనూ ఆ వయసు పిల్ల ఉంది. అది ఏదైనా చెప్పబోతే 'ముందు చదువు చూసుకో' అని ఎన్నిసార్లు నోరు మూయించానో నాకు తెలుసు.

సదానందం ఉండలేక అడిగాడు. "ఆయనేమన్నాడు గురువుగారూ?"

"ఏమంటాడు? 'ముందు బస్తా మొయ్యమ్మా, వాటా సంగతి తర్వాత చూద్దాం' అన్నాడు. ఆ పిల్ల మోసింది."

ఆయన కుట్టిన విస్తరిని పక్కన పెట్టి, ఇంకో ఆకు అందుకుంటూ అన్నారు.

"నీ వేదిక మీద ఏడు కుర్చీలూ పెద్దలకేనన్నావు కదూ?"