ఈరవ్వ తీసిన గొళ్లెం

దీపాల యాళయ్యింది, దగ్గరికి జరుగుండ్రి. మీ తాతల తాతలు ఇంకా పుట్టని నాటి ముచ్చట ఇది.

వాగొడ్డున ఒక ఊరుండె. ఆ ఊరి బట్టలన్నీ ఉతికేది ఈరవ్వ. పొద్దూకితే గంప పట్టుకొని ఇంటింటికి పోతుండె. "బువ్వ పెట్టుండ్రి తల్లీ" అని పిలుస్తుండె. అదే ఆమె కూలి. గడప మాత్రం దాటొద్దు, అది ఊరి కట్టుబాటు.

ఒక ఏడు గత్తరొచ్చింది. వాంతులు, విరేచనాలు, పొద్దున మంచిగున్న మనిషి మాపటికి లేడు. ఉన్నోళ్లు బండ్లు కట్టుకొని చేన్లకు పారిపోయిండ్రు. లేనోళ్లు తలుపులు బిగించుకున్నరు. మరి బయట తిరిగిందెవరు? పీనుగులు మోసేటోళ్లు, వాడలూడ్చేటోళ్లు, బట్టలుతికే ఈరవ్వ. అందరూ ఊరవతల గుడిసెలోళ్లే! గడప దాటొద్దని ఎవరినన్నరో, వాళ్ల మీదనే ఊరి భారమంతా పడ్డది. చూసిండ్రా చిత్రం!

ఈరవ్వకు భయం లేదా? ఎందుకు లేదు, ఉండె. అయినా పొద్దూకితే పోతుండె. బువ్వ అడగలే. ప్రతి తలుపు ముందు "ఉన్నరా తల్లీ?" అంటుండె. లోపల్నించి "ఉన్నం" అంటే, హమ్మయ్య అనుకొని ముందుకు నడుస్తుండె.

ఒకనాడు పటేలింటి ముందుకొచ్చింది. వాళ్లు చేన్లకు పోయిన సంగతి ఎరుకే. అయినా అలవాటు కొద్దీ పిలిచింది.

"ఉన్నరా తల్లీ?" చప్పుడు లేదు.

"ఉన్నరా తల్లీ?" చప్పుడు లేదు.

"ఉన్నరా తల్లీ?"

"ఉన్న..." సన్నగా వినబడ్డది.

తలుపుకేమో బయట గొళ్లెం! చిన్నకోడలు సుగుణమ్మకు గత్తర తగిలితే, ఎట్లాగూ బతకదని లోపలేసి పోయిండ్రు పాపిష్టోళ్లు.

ఈరవ్వ గొళ్లెం తీసింది. గడప కాడ ఒక్క ఘడియ ఆగింది. "కట్టుబాటు గంగల కలవనీ" అని దాటింది. ఆ ఇంటి పొయ్యి మీదనే ఉప్పేసి గంజి కాచింది.

"నా చేతి గంజి తాగుతవా దొరసానీ?"

"ముందు తాగనియ్యి. తర్వాత అడుగుదువు."

ఈరవ్వ కొద్దికొద్దిగ పోస్తనే ఉన్నది. మూడోనాడు సుగుణమ్మ లేచి కూసొని, "ఆకలైతుంది ఈరవ్వా" అన్నది. ఈరవ్వ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది.

గత్తర పోయింది. ఈరవ్వ పిలుపు మాత్రం ఆగలే. ఏండ్లు గడిచినంక, ముసలిదై, నిద్రలనే కన్నుమూసింది. ఆ మాపు ఊర్ల పిలుపు వినబడలే. సుగుణమ్మ గుడిసె కాడికి ఉరికొచ్చి, "ఉన్నవా తల్లీ?" అని మూడుమాట్లు పిలిచింది. జవాబు లేదు. అప్పటికి వెనక ఊరంతా చేరింది.

"మేం ఉన్నం తల్లీ, అందరం ఉన్నం" అన్నది సుగుణమ్మ, ఏడ్చుకుంట. ఊరంతా అదే మాటన్నది.

ఇప్పటికీ ఆ ఊర్ల పొద్దూకితే పొరుగింటి ముందు నిలబడి "ఉన్నరా తల్లీ?" అంటరు. లోపలోళ్లు పని ఆపి "ఉన్నం" అనాలె. ఇంకో సంగతి, అక్కడ ఏ తలుపుకూ బయట గొళ్లెం ఉండదు. ఎందుకని అడిగితే, "ఈరవ్వ తీసింది, మళ్ల ఎవరు పెడ్తరు?" అంటరు.